ఆఖరి సీటు దాకా

షార్జా వేలంలో మా బస్సుని మేమే కొనుక్కున్నాం.
పద్నాలుగేళ్ళు ఆయన తోలిన బస్సు,
నేను చెయ్యిచ్చి పిల్లల్ని ఎక్కించిన బస్సు.
ముసలి ఎద్దుని కబేళా దారిలోంచి
మళ్ళించుకొచ్చినట్టు తెచ్చుకున్నాం.

సీట్లు పీకి పరుపు వేశాం.
మూడో క్లాసు వాళ్ళు కొట్టుకునే చోట గ్యాసు పొయ్యి.
రోజూ వాంతి చేసుకునే ఐరీన్ కిటికీ దగ్గర
కొత్తిమీర కుండీ. బాగానే వస్తోంది.
తెల్ల రంగు రెండు పూతలు వేయించినా
మూలమూలల్లో పాత పసుపు,
పెళ్ళైన వారానికీ గోళ్ళ సందుల్లో మిగిలినట్టు.

వెనకాల ఒక్క సీటు ఉంచేశాం.
బోల్టులు తుప్పుపట్టి రాలేదంటాడాయన.
పానా పెట్టి ఎంత గట్టిగా తిప్పాడో
పక్కనే నిలబడి చూశాన్నేను.

ఉమ్ అల్ కువైన్ దారిలో
అందరూ మమ్మల్ని దాటిపోయారు, నీళ్ళ ట్యాంకరు కూడా.
స్పీడు బ్రేకరు వస్తే ఇప్పటికీ
నిండు పాలగిన్నె మోస్తున్నట్టు దాటిస్తాడు.
ఎవరున్నారని, అంటే
కొత్తిమీర ఉంది కదా అంటాడు.

ఖాడీ ఒడ్డున పార్కు.
పక్క బండి మేడంత ఉంది;
మీట నొక్కితే మెట్లు వాటంతటవే దిగుతాయి.
మేం ప్లాస్టిక్ స్టూలు వేసుకుని దిగాం.
ఎదురుగా మడచెట్లు.
తాళ్ళరేవు పిల్లని, మడ నాకు కొత్తా!
అవే వేర్లు, బురదలోంచి చెక్కిన పెన్సిళ్ళలా లేచి.
వాటి నడుమ గులాబీరంగు పక్షులు మాత్రం కొత్త,
ఏదో పోగొట్టుకున్నట్టు తలకిందులుగా వెతుకుతూ.

వంజరం వేగుతుంటే ఆ వాసన పట్టుకుని
హుమైద్ వచ్చాడు. ఐదేళ్ళుంటాయేమో.
తెలుపు కింద పసుపుని వాడొక్కడే కనిపెట్టాడు.
"బాస్! బాస్!" అని అరిచి
తలుపు ముందు లైన్లో నిలబడ్డాడు,
ఒక్కడే, లైను తప్పకుండా.
చెయ్యిచ్చాను. ఎక్కాడు, దిగాడు, మళ్ళీ లైను.
తొమ్మిదోసారికి నా మోకాళ్ళు మొరాయించాయి.

స్కూలు రోజుల్లో
ఆఖరి ట్రిప్పు అయ్యాక చివరి దాకా నడిచి,
సీట్ల కింద వంగి చూసి,
అక్కడున్న మీట నొక్కితేగానీ అలారం ఆగేది కాదు.
"ఎవరైనా ఉన్నారా?" ముందునుంచి ఆయన.
"ఎవరూ లేరు." వెనకనుంచి నేను.
పద్నాలుగేళ్ళు.
ఇంటికెళ్ళి తాళం తీస్తూ
ఆ మాటే నోటిదాకా వస్తే మింగేసేదాన్ని.

రాత్రి పదకొండింటికి టార్చిలైట్లు.
హుమైద్, హుమైద్, అని
అన్ని గొంతులూ నీళ్ళ వైపే.
ఆయన చెప్పులైనా లేకుండా ఖాడీలోకి దిగిపోయాడు.
నేను పరిగెత్తలేదు.
బస్సెక్కాను.
పొయ్యి దాటి, పరుపు దాటి, దుప్పట్ల మూట దాటి
ఒక్కో అడుగే లెక్కపెట్టుకుంటూ
ఆఖరి సీటు దాకా.

మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని,
పెదవి పక్కన ఎండిన కారం,
ఒక చెప్పు కాలికి, ఒకటి గుప్పిట్లో.

వాళ్ళమ్మ ముందు ఒకటి అంటించింది,
తర్వాత కావలించుకుని ఏడ్చింది.
ఏ దేశంలోనైనా వరస అదే.

మోకాళ్ళదాకా బురదతో వచ్చాడు ఆయన.
మెట్టు మీదే ఆగిపోయి, గొంతు పూడుకుపోయి,
"ఎవరైనా ఉన్నారా?"
"ఉన్నాడు," అన్నాను.
వాళ్ళు వాణ్ణి ఎత్తుకెళ్ళి అప్పటికే చాలాసేపైంది.
అయినా అలాగే అన్నాను.

పొద్దున్న గుమ్మంలో ఖర్జూరాల డబ్బా ఉంది.
లోపల కిర్రుకిర్రుమని చప్పుడు.
వంగి చూస్తే, పానా పట్టుకుని ఆయన
ఆ సీటు బోల్టులు బిగిస్తున్నాడు.